రేపు మాస్టర్

ఆ దర్జీని వీధి వీధంతా రేపు మాస్టర్ అంటుంది. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, మొహాన పెళ్లికొడుకు నవ్వు. బట్ట చేతికందిన రోజే కచకచా కత్తిరించి పారేస్తాడు. ఒకరు కత్తిరించిన బట్టను ఇంకో దర్జీ ముట్టుకోడు, కాబట్టి మనం ఇక ఎక్కడికీ పోలేం. ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా మన కొలతల్ని మెచ్చుకుంటాడు. "ఈ భుజాలకి హడావిడిగా కుడితే నా చేతులు పడిపోవా సార్!" అంటాడు. తిట్టడానికి వెళ్లినవాడు భుజాలు విరుచుకుంటూ తిరిగొస్తాడు.

మొన్న హెడ్మాస్టరు కూడా భయపడే లెక్కల టీచరమ్మ కొట్టు మీదికి వచ్చింది. "తెల్లారితే మా ఆయనకి ఇంటర్వ్యూ. మూడు వారాలుగా తిప్పుతున్నారు. కోటు ఇచ్చేదాకా కదలను!" అంది. అతను కుర్చీ దులిపి వేశాడు. "అయిపోయిందమ్మా, గుండీలే మిగిలాయి. నాకా, కళ్లు ఆనడం లేదు. మీ వేళ్లు చూస్తే సూది కోసమే పుట్టినట్టున్నాయి" అన్నాడు. "చాల్లెండి వేషాలు" అంటూనే ఆవిడ సూదిలో దారం ఎక్కించింది. గంటలో మొగుడి కోటుకే కాదు, ఎవరివో రెండు చొక్కాలకు కూడా గుండీలు కుట్టేసింది. అతను టీ తాగుతూ "ఆహా" అంటున్నాడు. ఇంతలో బ్యాంకు గుమాస్తా ఒకాయన తన ప్యాంటు ఏదని అరుస్తూ లోపలికొచ్చాడు. మాస్టర్ నోరు విప్పేలోపే టీచరమ్మ పళ్లతో దారం తెంపి, తలైనా ఎత్తకుండా అంది:

"అరవకండి. అయిపోయింది, కాజాలే మిగిలాయి. రేపు రండి."