కట్ట తిప్పి చూడొద్దు

నాకు చిన్నప్పట్నించి ఒక రోగమున్నది. మూత పెట్టిన గిన్నె కనబడితే తీసి చూడాలె. మూసిన తలుపు ఉంటే సందుల నుంచన్న తొంగి చూడాలె. "దీనికి తొంగిచూసుడు జబ్బు పుట్టింది" అని మా నాయనమ్మ తిడుతుండె. ఎమ్మెస్సీల జువాలజీ తీసుకున్నది గూడ గందుకేనేమో. కోసి లోపల ఏమున్నదో చూడనిచ్చే చదువు ఇంకోటి ఏమున్నది చెప్పుండ్రి? గసొంటి నన్ను తీస్కపోయి, తిప్పి చూడొద్దు అనే మనిషి రూంల పడేసిండ్రు యూనివర్సిటీ హాస్టలోళ్ళు.

ఆమె నాకు సీనియర్. స్టాటిస్టిక్స్‌ల పీహెచ్‌డీ చేస్తుండె. నేను అక్కా అంటుంటి. వాళ్ళ నాయన నల్లగొండ దిక్కు ఒక ఊర్ల పాస్టరు. వాళ్ళింట్ల పత్తాలు, అదే పేకముక్కలు, ముట్టుడంటే సైతాన్ను ఇంట్లకు పిలిచి పీట వేసినట్టే. గా ఇంట్ల పుట్టిన పిల్ల మా హాస్టల్ల అందరికీ పోకర్ ఆట నేర్పింది. ఎట్ల నేర్చుకున్నవక్కా అంటే, "మా పుస్తకాలల్ల సగం లెక్కలు పత్తాల మీదనే ఉంటయే. లెక్కలు చేసీ చేసీ ఆట వచ్చింది" అన్నది. పైసలు పెట్టి మాత్రం ఆడనియ్యదు. మెస్‌ల వంటామెను అడిగి చింతగింజలు తెచ్చి, కడిగి, ఎండబెట్టి ఒక డబ్బాల పోసి పెట్టింది. "చింతగింజలతోని ఆడితే పాపం గాదా అక్కా?" అని అడిగిన.

"అది పాపమైతే చారు గూడ పాపమే," అన్నది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒకనాడు బంద్, ఒకనాడు రాస్తారోకో, ఇంకోనాడు సడక్ మీదనే వంటావార్పు. క్లాసులు అయితే అయినట్టు, లేకుంటే లేదు. పొద్దుగాల ర్యాలీల అరిసి అరిసి గొంతులు పోగొట్టుకొని వస్తుంటిమి. పగటీలికి పోలీసులు గేట్లు మూస్తే ఎటూ పోయే ఆస్కారం లేక, మా రూంల చాప పరిచి ఆటకు కూసుంటుంటిమి. కిటికీలకెళ్ళి టియర్ గ్యాస్ వస్తే తడి తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకొని ఆడిన రోజులు గూడ ఉన్నయ్.

ఆట తెల్వనోళ్ళకు జర చెప్త. ఎవరి చేతుల వాళ్ళకు రెండేసి పత్తాలు. నేల మీద అందరికీ కలిపి ఐదు పత్తాలు పరుస్తరు, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరుకు ఇంకోటి. చేతుల ఉన్నవీ నేల మీదవీ కలిపి ఎవరివి మంచిగ పడితే వాళ్ళు గెలుస్తరు. మధ్యల గింజలు పెంచుకుంట పోవాలె, దమ్ము లేకుంటే పత్తాలు పడేసి తప్పుకోవచ్చు. చేతుల ఏం లేకున్నా ఉన్నట్టు నటించి అవతలోళ్ళను బెదిరియ్యొచ్చు గూడ. నేను బెదిరిస్తే మాత్రం అక్క ఒక్కసారి గూడ బెదరలే. ఎట్ల తెలుస్తదక్కా అని ప్రాణం తీస్తే ఆఖరుకు చెప్పింది. "నువ్వు అబద్ధమాడితే ముక్కు గోక్కుంటవే." అప్పట్నించి చెయ్యి తొడ కింద పెట్టుకొని కూసునుడు మొదలుపెట్టిన. అయినా ఎప్పుడు పోతుండెనో ఏమో, మళ్ళ ముక్కు కాడనే ఉంటుండె.

అక్క పెట్టిన కట్టుబాటు ఒక్కటే. ఎవరన్న తప్పుకొని ఆట మధ్యల అయిపోయిందనుకో, మిగిలిన కట్ట తిప్పి, "అయ్యో, నేనుంటే ఈ పత్తా వస్తుండెనా" అని చూడొద్దు. అట్లనే కలిపేయాలె. నాకు ఇది పెద్ద శిక్ష. పై పత్తా గోరుతోని లేపబోతే చెయ్యి మీద ఒక్కటి సరుస్తుండె.

"ఏందక్కా, చూస్తే ఏమయితది?"

"చచ్చిన ఆటకు పంచనామా ఎందుకే? అది చూసి రేపు తప్పు ఆడతవ్."

మాతోని ఆడేటోళ్ళల్ల ఒకామె అక్క క్లాస్‌మేటే. వాళ్ళది కోస్తా. నాన్నకు బ్యాంకు ఉద్యోగం, ఈమె విద్యానగర్ల పుట్టి పెరిగింది. ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయితే హాస్టల్ల చేరింది. ఎప్పుడు చూసినా నిద్రే కాబట్టి మేము 'నిద్ర మేడం' అని పిలుస్తుంటిమి. ఆమె గూడ పలుకుతుండె పాపం. ఆటల ఆమెకు లెక్కా పత్రం ఏం లేదు. ఒకసారి అక్క చేతుల రెండు ఆసులు. నేల మీద మూడు పరిస్తే అండ్ల ఇంకో ఆసు పడ్డది. నిద్ర మేడం చేతుల ఉత్త రెండు ఏడులు. అక్క గింజలన్నీ ముందరికి దొబ్బింది. ఎవరైనా తప్పుకోవాలె. ఈమె ఆవలించుకుంట, "ఏడు నా లక్కీ నంబరే, నేనుంటాను" అన్నది. నాలుగో పత్తా ఏడు. ఐదోది గూడ ఏడు! నాలుగు ఏడుల ముందర ఆసులు ఆగుతయా? రూమంత లొల్లి. తంతే బూరెల గంపల పడ్డట్టు అక్క గింజలన్నీ పోయి ఆమె ఒళ్ళె పడ్డయ్.

నేనైతే పత్తాలు చింపి పారేస్తుంటి. అక్క కండ్లు మూసి, ఒక దమ్ము తీసుకొని, మా అందరి దిక్కు చూసి అడిగింది. "నాకు కనబడ్డంత వరకు చెప్పుండ్రి. నేనేమన్న తప్పు ఆడిన్నా?" మేము తలకాయలు గోక్కున్నం. ఎంత వెతికినా తప్పు దొరకలే. "అయితే పంచుండ్రి," అన్నది. ఈ మనిషి లోపల ఏమున్నదా అని నాకు అప్పట్నించి ఒకటే ఆరాటం. కప్పనైతే కోసి చూస్తుంటి.

గా సంవత్సరమే అక్కకు ఫెలోషిప్ అయిపోవచ్చింది. ఉద్యోగం దొరికితే పట్నంల ఉండి పీహెచ్‌డీ పూర్తి చేసుకుంటది. దొరకకుంటే రూం ఖాళీ చేసి ఊరికి పోవుడే, ఇంక ఆ చదువు ముందరికి పోయేది లేదు. రామంతాపూర్ల ఒక ప్రైవేటు కాలేజీల లెక్చరర్ పోస్టు పడ్డది. పోస్టు ఒక్కటే. అక్క గూడ వేసింది, నిద్ర మేడం గూడ వేసింది. ఇంటర్వ్యూ నాడే బంద్ పెట్టిండ్రు.

బంద్ నాడు క్యాంపస్ గేట్లు తెల్లారకముందే మూస్తరని మాకందరికీ ఎరుకే. అక్క ముందటి దినమే సంచి సదురుకున్నది. రామంతాపూర్ల వాళ్ళ ఊరామె ఇల్లు ఉన్నది, ఆడ పండుకొని పొద్దుగాల నడుసుకుంట కాలేజీకి పోతనన్నది. నిద్ర మేడంకు గూడ చెప్పింది, "నాతోని రా, ఇద్దరం పోదాం" అని. "పొద్దున్నే చూద్దాంలేవే," అని ఆమె దుప్పటి కప్పుకున్నది.

తెల్లారి ఏమయిందో తర్వాత ఒక్కొక్కటి తెలిసింది. అక్క అనుకున్నట్టే గేట్లు మూసిండ్రు. అనుకున్నట్టే అక్క టైముకు ముందే కాలేజీల కూసున్నది. అనుకోనిది ఏందంటే, ఇంటర్వ్యూ చేసే పెద్దసారు, ఆ కాలేజీ ప్రిన్సిపాల్, ఇద్దరిదీ మా క్యాంపస్ పక్కన తార్నాకనే. సడక్ బంద్ అయ్యి వాళ్ళ కారు కదలలే. మళ్ళ ఇంకోనాడు పెడితే ఆనాడు గూడ ఏ బంద్ వస్తదో అని, పెద్దసారింటి వరండలనే పెట్టేద్దాం, రాగలిగినోళ్ళు రాండ్రి అని అందరికీ ఫోన్లు చేసిండ్రు. నిద్ర మేడం అప్పుడే లేసింది. వార్డెన్ను బతిమాలి చిన్న గేటుకెళ్ళి బయటపడి, తీరిపారంగ నడుసుకుంట పోయింది.

అక్క రామంతాపూర్ నుంచి ఉరుకుడు. నడుమ హబ్సిగూడ చౌరస్తల పోలీసులు ఎవ్వర్నీ దాటనియ్యలే. అవతల రాళ్ళు, ఇవతల గ్యాస్. ఒక జిరాక్స్ షాపోడు షటర్ సగం లేపి లోపలికి పిలిస్తే, సర్టిఫికెట్ల ఫైలు కడుపుకు పట్టుకొని ఆడ నిలబడ్డది. వదిలినంక సారింటికి పోతే సంతకాలు అయిపోయినయ్. "పోస్టు ఒక్కటే కదమ్మా," అన్నరంట.

కాలం కలిసి రాకుంటే తాడే పామై కరుస్తదంటరు. అక్క రూంలకు వచ్చేటాల్లకు చెప్పు తెగి ఒక కాలు ఉత్తదే ఉన్నది. సక్కగ బాత్రూంలకు పోయి నల్లా తిప్పింది. బకెట్ నిండి పొర్లుతున్నా కట్టలే. ఏడుస్తున్నది. నేను తలుపు కాడ నిలబడి, "అక్కా, తప్పు ఆడలేదు గదా నువ్వు" అన్న, ఓదార్చిననుకొని.

"తప్పు ఆడలే అని నాకు తెల్వదానే? తెలిసినంత మాత్రాన బాధ కాదా? మస్తు బాధయితున్నది. నన్ను ఏడ్వనియ్యి," అన్నది లోపల్నించి.

హాస్టల్ల లొల్లి మొదలైంది. "చూసిండ్రా, మన ఉద్యోగం ఆంధ్రామె ఎత్తుకపోయింది, గిందుకే గదా తెలంగాణ కావాలనేది" అని ఒకామె మా రూంలకొచ్చి ఊగిపోయింది. అక్క అప్పుడే మొఖం కడుక్కొని వచ్చింది. "తెలంగాణ కావాలె. రేపు ర్యాలీల నేనే ముందుంట. అది వేరే ముచ్చట. ఈమె నిద్రపోయింది, గంతే. నిద్రపోవుడు గూడ కుట్రేనా?" అన్నది. అందరం నవ్వినం, అక్క గూడ.

నా రోగం ఊకుంటదా? నిద్ర మేడం రూంకు పోయిన. ఆమె ఏడ్చీ ఏడ్చీ కండ్లు ఉబ్బి కూసున్నది. ఏమడిగిండ్రు, ఏమన్నరు అని తవ్విన. గోరుతోని పై పత్తా లేపినట్టే.

"నేను వెళ్ళగానే పెద్దసారు నా ముందే అన్నారే, 'ఆ అమ్మాయి రాలేదా, ఆమె పేపరు చదివాను, ఆమెనే తీసుకుందామనుకున్నాం' అని. చాలాసేపు ఆగారు కూడా. మళ్ళీ టీ పెట్టించుకున్నారు. తను రాలేదు. నేను చేరనా వద్దా చెప్పవే. నాకు అన్నం కూడా సయించట్లేదు."

అంటే అక్క ఏం చెయ్యకుండ మంచం మీద పండుకున్నా ఉద్యోగం ఆమెదే. హాస్టల్ నుంచి సారిల్లు నడిసే దూరం. చూడొద్దు చూడొద్దు అని ఆమె ఎందుకు నా చెయ్యి సరుస్తుండెనో గా దినం తెలిసింది. చూసినంక మళ్ళ బోర్ల పెట్టలేం. "చేరు," అని మాత్రం చెప్పి వచ్చిన.

రూంల అడుగు పెట్టంగనే అక్క నా మొఖం చూసింది. "తిప్పి చూసొచ్చినవ్ గదా?"

"చూసిన."

"నాకు చెప్పకు," అని గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

చెప్పకుండ ఉండుడంటే మాటలా? అన్నం తింటుంటే నాలుక మీదికి వస్తుండె. అక్క చింతగింజల డబ్బా మంచం కిందికి దొబ్బింది, ఆటలు బంద్. నన్ను ఒక్క మాట అడగలే. కని నేను నోరు తెరిస్తే చాలు, ఉలిక్కిపడి చూస్తుండె. ఈమె లోపల ఏమున్నదో అప్పుడు నాకు కొంచెం కొంచెం కనబడ్డది. నా జబ్బే ఆమెకు గూడ ఉన్నది. ఆమె కట్టేసుకొని కూసున్నది, గంతే ఫరక్.

కొన్ని దినాలకు సికింద్రాబాద్ల ఇంకో కాలేజీల పోస్టు పడ్డది. ఇదే ఆఖరు. ఇది గూడ పోతే రూం తాళం వార్డెన్ చేతుల పెట్టుడే. ఏం నసీబో, ఇంటర్వ్యూ నాడు మళ్ళ బంద్ ఉంటదని పుకారు. హాస్టలంత ఒక్కటే మాట. "పోయినసారి ముందే పోయి మునిగినవ్. ఈసారి కదలకు." నేను గూడ అన్న. లోపల తెలిసిన ముచ్చట ఉన్నది గదా, అందరికంటే గట్టిగ అన్న.

అక్క చేతుల బట్టలు పట్టుకొని నిలబడి అడిగింది, "పోయినసారి నాకు కనబడ్డంతల నేను తప్పు ఆడిన్నా?"

అందరం తలకాయలు అడ్డం తిప్పినం.

"మరి?" అని సంచిల చీర పెట్టుకున్నది. ఆ కాలేజీకి దగ్గర బౌద్ధనగర్ల వాళ్ళ చిన్నమ్మ ఇల్లు ఉన్నది, రాత్రికి ఆడ ఉంటది.

సంచి నేను పట్టుకొని తార్నాక బస్టాప్ దాక పోయిన. పొద్దుగూకుతున్నది. సెనక్కాయలు కొన్నం, నిలబడి తిన్నం. పొట్టు ఊదుకుంట అక్క సడక్ దిక్కే చూసుకుంట, "ఇగ చెప్పవే," అన్నది.

"ఏం చెప్పాలక్కా?"

"ఆ దినం తిప్పి చూసినవ్ గదా. నేను హాస్టల్లనే ఉంటే నాకు వస్తుండెనా?"

ఇన్ని దినాలు కట్టేసుకున్నది ఇప్పుడు, ఇంకో ఇంటర్వ్యూకు పోతుంటే అడుగుతున్నది. కదలకు అన్నది నేనే, కని ఆమె 'మరి?' అన్నంక పోవుడే సరి అనిపించింది. నిజం చెప్తే సంచి తీసుకొని నాతోనే వెనక్కు వస్తదని భయమైంది.

"ఏం లేకుండె అక్కా. ఆమెనే తీసుకుందామని ముందే అనుకున్నరంట. నువ్వున్నా రాకుండె."

అక్క నా దిక్కు తిరిగింది. కండ్లల్ల నీళ్ళు నిండినయ్, పెదవులు మాత్రం నవ్వుతున్నయ్.

"చెయ్యి దించవే," అన్నది.

చూసుకుంటే నా చెయ్యి ముక్కు మీద ఉన్నది.

గంతల సికింద్రాబాద్ బస్సు వచ్చింది. అక్క నా చేతిలకెళ్ళి సంచి గుంజుకున్నది, చెంగుతోని కండ్లు తుడుసుకున్నది, ఎక్కింది. రేపటి ఇంటర్వ్యూకు, ఇయ్యాలనే.