ఏడో నంబరు కుడి, పదో నంబరు ఎడమ

మా లెక్కల మాస్టారు పోయారన్న కబురు యానాంలో బస్సు దిగగానే సోడా కొట్టాయన చెప్పాడు. "ఇందాకేనండి, కాఫీ తాగి పడుకున్నారంటండి." అప్పుడు నా చంకలో, కాకినాడలో ఆయన కోసం కొన్న రెండు చెప్పుల డబ్బాలున్నాయి. ఒకటి ఏడో నంబరు, ఒకటి పదో నంబరు. మూడు రోజుల ముందే తెమ్మన్నారు. నేను బద్ధకించాను.

ఈ నంబర్ల సంగతి చదువరులకు విన్నవించుకోవాలి. మాస్టారి ఎడమకాలు బోదకాలు. కుడిపాదానికి ఏడో నంబరు, ఎడమపాదానికి పదో నంబరు కావాలి. చిన్న రాయి గీసుకున్నా చలిజ్వరం, వారం రోజులు మంచం. మెత్తటి రబ్బరు చెప్పు లేకుండా గడప దాటొద్దని డాక్టరుగారు చెప్పారు. అంచేత ఎప్పుడు కొన్నా రెండు జతలు కొని, అందులోంచి ఒక్కొక్కటి వాడుకునేవారు. మిగిలినవి మంచం కింద చేరేవి. అలా నాలుగు పోగయ్యాక, పట్టభద్రుణ్ణి కనుక, నేనొక ప్రకటన రాసి ఆయనకి చదివి వినిపించాను.

"కావలెను. కుడికాలు పదో నంబరు, ఎడమకాలు ఏడో నంబరు గల పెద్దమనిషి. నడక అలవాటున్నవారికి ప్రాధాన్యం. శాఖాభేదం లేదు."

మాస్టారు దగ్గొచ్చేదాకా నవ్వారు. "వేళాకోళానికి రాశావు గానీ, ఒరేయ్, అలాంటాయన ఎక్కడో ఉండే ఉంటాడ్రా."

ఉన్నాడు. ఫరంపేట నుంచి బట్టల మూట భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగే ఆయన. బోద ఉన్న కుడికాలికి గోనెగుడ్డ చుట్టుకుని నడుస్తుంటే నేనే చూసి, రిక్షా ఎక్కించి తీసుకొచ్చాను. మంచం కింది చెప్పుల్లో కాళ్ళు పెట్టి, నాలుగడుగులు వేసి, "ఆయ్, నా కొలతిచ్చి చేయించినట్టున్నాయండి!" అన్నాడు. "సంబంధం కుదిరింది, తాంబూలాలు పుచ్చుకోండి" అన్నాను. ఇద్దరూ నిజంగానే పుచ్చుకున్నారు. ఆ పైన ఎప్పుడు కొన్నా ఇద్దరికీ కలిపే రెండు జతలు.

అప్పటినుంచే మాస్టారికి నడక పిచ్చి పట్టింది. రిటైరై పడక్కుర్చీలో స్థిరపడిన మనిషి పొద్దున్నా సాయంత్రం గోదావరి గట్టెక్కి మెట్టకూరు దాకా వెళ్ళొచ్చేవారు. రాగానే అరుగు మీద కూచుని, చెప్పులు తిరగేసి, జాతకం చూసినట్టు అడుగులు చూసేవారు.

"గోదావరి ఉందో లేదో రెండుపూటలా చూసి రావాలేంటండీ?" అంటే, "దానికో లెక్కుందిరా" అనేవారు.

టీ కొట్టు దగ్గర ఆయన నడకని అనుకరించి మావాళ్ళని నవ్వించేవాణ్ణి. ఒకరోజు వెనక నిలబడి అంతా చూశారు. నా ప్రాణం పోయింది. "నువ్వు ఈడుస్తున్నది కుడికాలురా. నాది ఎడమ. నీకు ప్లస్సూ మైనస్సూ తేడా ఇప్పటికీ తెలీదు" అని ముందుకెళ్ళిపోయారు. ఆ కళ నేను మళ్ళీ ప్రదర్శించలేదు.

పోవడానికి రెండు నెలల ముందు గుండె బాగాలేక మంచం పట్టారు. ఆ చివరి మూడు రోజుల ముందు చూడ్డానికి వెళితే, తన పాత చెప్పులు అందుకోమని, తిరగేసి చూపించారు.

"చూడరా, గీతలింకా పోలేదు. మన మూటాయనవి ఈపాటికి నున్నగా అయిపోయుంటాయి. నేను పడుకున్నానని అడగడు."

"అడక్కపోతే మీరే కొనివ్వచ్చుగా?"

"పుచ్చుకోడురా. ముందు నావి తిరగేసి చూస్తాడు. 'మీయి బానే ఉన్నాయి కదండీ, అప్పుడే ఎందుకండీ' అంటాడు. ఆయన మూట మోస్తూ తిరిగే మనిషి. నేను కుర్చీలో కూచుంటే, నావి అరిగేదాకా ఆయన చిల్లుల చెప్పులతో తిరుగుతాడు. ఏ గాజుపెంకో దిగితే?"

ఆ రెండుపూటల నడక దేనికో అప్పుడర్థమైంది నాకు. డిగ్రీ చదివినవాణ్ణి కదా, వెంటనే సలహా ఇచ్చాను. "ఇంత కష్టం దేనికండీ? మెట్టు మీద రుద్దేస్తే ఓ పూటలో అరిగిపోయేవి."

"అది దొంగలెక్కరా" అన్నారు. చెప్పులు నా చేతికిచ్చి, "రేపెళ్ళి కొత్తవి పట్రా. ఆయనకి నేను ఎలాగో నచ్చచెబుతాను" అన్నారు.

నచ్చచెప్పే మనిషి వెళ్ళిపోయారు. డబ్బాలు మిగిలాయి.

పెద్దకర్మ నాడు మూటాయన వస్తాడని తెలుసు. మాస్టారివి అరక్కుండానే తనకోసం కొన్నారని తెలిస్తే వాటిని ముట్టుకోడనీ తెలుసు. ఆ తెల్లవారుజామునే మాస్టారింటికి వెళ్ళి, ఆయన చెప్పులు రెండూ తీసి, అరుగు కింది రాతిమెట్టు మీద రుద్దడం మొదలెట్టాను. ఏడో నంబరు తొందరగానే లొంగింది. పదో నంబరుకి చేతులు బొబ్బలెక్కాయి. ఆయన రోజుకి ఎంత నడిస్తే ఇవి అరిగేవో ఆ బొబ్బలు చెప్పాయి. మాస్టారి ఇల్లాలు గుమ్మంలోకొచ్చి చూశారు. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టారు.

మూటాయన వచ్చాడు. కుడిచెప్పు మడమ దగ్గర చిల్లుపడి, లోపల అట్టముక్క కనిపిస్తోంది. కొత్తవి చూపిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అరుగు మీదున్న మాస్టారి చెప్పులు తిరగేసి చూశాడు. వేలితో నిమిరాడు.

"మంచంలో ఉండి కూడా నడిచేరాండీ, మహానుభావుడు!"

"నడిచారండీ" అన్నాను.

ఎడమకాలికి ఏడో నంబరు, కుడికాలికి పదో నంబరు వేసుకుని, మూట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. కొత్త డబ్బాల్లో ఏడో నంబరు కుడిదీ పదో నంబరు ఎడమదీ ఉండిపోయాయి. నిన్న జల్లు పడ్డాక అటువైపు వెళితే, మెట్టు తడిసి తళతళలాడుతోంది. దానిమీద నేను రుద్దిన రబ్బరు చారలు రెండు, ఒకటి సన్నగా ఒకటి వెడల్పుగా, నల్లగా అలాగే ఉన్నాయి.