చెల్లెలు పోయిన ఏడు, ద్రాక్షతోటల ఊళ్లో

మొన్న తెనాలిలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. కళ్లలో చుక్కలు వేసి, పిలిచేదాకా మూసుకుని కూర్చోమన్నారు. మూసుకోమంటే మూసుకునే రకం కాదు నేను. ఒక కన్ను కొంచెం తెరిచి గోడమీద టీవీ చూస్తున్నాను. ఎవరో చానలు మార్చి వదిలేసినట్టున్నారు, సైకిళ్ల పందెం వస్తోంది. రంగురంగుల చొక్కాల మనుషులు ముందుకి వంగి, చీమల బారులాగా ఒక రాతి వంతెన మీదుగా పోతున్నారు. చుక్కల మందుకి అంతా మసకగానే ఉంది గానీ, వంతెన చివర గోపురం, దాని పక్కన మెలిక తిరిగి కొండెక్కే రాతి ఇళ్లు, వెనకాల ద్రాక్షతోటలు చూడగానే పోల్చుకున్నాను. "అది మా ఊరండి" అన్నాను పక్కన కూర్చున్నావిడతో. "ఏ ఊరండి?" అందావిడ. "ఫ్రాన్సులో" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, చేతిసంచి తీసుకుని ఒక కుర్చీ అవతలికి జరిగింది.

ఆ ఊళ్లో నేను ఉన్నది ఒక్క వేసవి. మా ఆయన బాపట్లలో పిల్లలకి మట్టి గురించి పాఠాలు చెప్పేవారు. ఏ ఊరెళ్లినా గుడి కంటే ముందు చేను చూసి, ఇంత మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి, ఒక్కోసారి నాలిక మీద కూడా వేసుకునే మనిషి. ఏటి ఒడ్డు నేలల గురించి చదువుకోవడానికి ఆయన్ని కొన్ని నెలలు అక్కడికి పంపించారు. నన్ను తీసుకెళ్లాలన్న ఆలోచన ఆయనకి లేదు, నాకూ లేదు. పట్టుబట్టింది మా అత్తగారు. "దీన్ని ఇక్కడ వదిలేస్తే ఇలాగే గోడకి చేరబడి ఉండిపోతుందిరా. ఎక్కడికో అక్కడికి తీసుకుపో" అంది. ఆవిడ అలా అనడానికి కారణం మా చెల్లెలు.

చెల్లెలికి ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. పెళ్లయి తెనాలి నుంచి బాపట్ల కాపరానికి వస్తూ, అరవైల మొదట్లో, దాన్ని కూడా వెంటబెట్టుకొచ్చాను. "సామాను దించుకున్నాక చూస్తే అందులో ఇంకో పిల్ల ఉంది" అని మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. నవ్వేదే తప్ప ఒక్కనాడూ విసుక్కోలేదు. దాని జడ నేనే వేశాను, దాని ఎక్కాలు నేనే అప్పజెప్పించుకున్నాను. నాకు పిల్లలు కలగలేదన్న సంగతి అది ఉన్నన్నాళ్లూ పెద్దగా గుర్తురాలేదు. దాన్ని రేపల్లె అవతల, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరికి ఇచ్చాం. మంచి సంబంధం, నెమ్మదైన పిల్లాడు. పండక్కి పుట్టింటికి వస్తే, పండుటాకుల రంగు చీర కట్టుకుని రేపల్లె బండి దిగి, తెనాలి స్టేషన్లో నాకోసం బాపట్ల వైపు నుంచి వచ్చే బండికేసి చూస్తూ నిలబడేది. ఇద్దరం కలిసి నాన్న ఇంటికి నడిచేవాళ్లం.

డెబ్భై ఏడు కార్తీకంలో ఉప్పెన వచ్చింది. ఆ రోజు దాని మొగుడు, మా మరిది, ఏదో పనిమీద రేపల్లె వచ్చి, గాలికి తిరిగి వెళ్లలేక అక్కడే ఆగిపోయాడు. చెల్లెలు ఇంట్లో ఉంది. నీళ్లు తీశాక అతను వెళ్లి చూస్తే ఇల్లు లేదు, ఆ వీధీ లేదు. దొరికినవాళ్లు దొరికారు. చెల్లెలు దొరకలేదు. అతను కాలువలన్నీ తిరిగాడు, శిబిరాలన్నీ తిరిగాడు. చివరికి గడ్డం మాసిపోయి బాపట్ల వచ్చి, మా వరండాలో చెప్పులు విప్పకుండా నిలబడి అడిగాడు. "వదినగారూ, పెద్దవాళ్లు కర్మ చేసెయ్యమంటున్నారు. మీరు ఊ అంటే చేస్తాను. తల్లి తరవాత తల్లి మీరు." నేను ఊ అనలేదు. ఊహూ అని కూడా అనలేదు. లోపలికెళ్లి కాఫీ కలిపి తెచ్చి ఇచ్చాను. తాగి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు. నేను చెప్పేదాకా ఆగాలనుకున్నాడో ఏమో, ఏమీ చేయలేదు కూడా. ఆ స్థితిలో నన్ను విమానం ఎక్కించారు.

ఊరు ఎలా ఉందంటే ఏం చెప్పను. ఏడెనిమిది వందల ఏళ్ల నాటి ఊరన్నారు. చుట్టూ కోటగోడ, ఏటి మీద కమానుల వంతెన, చేతులు చాపితే రెండు గోడలూ తగిలే సందులు, దూలాలు బయటికి కనబడుతూ ఒకదాని భుజం మీద ఒకటి వాలిన మేడలు. చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్లు. నేను చూశాను, అంతే. కళ్లు చూసినవి లోపలికి వెళ్లేవి కావు. మేం వెళ్లేసరికి చలి ఇంకా పోలేదు, ద్రాక్షతోటల్లో ఆకు లేదు, నల్లటి మోడులు వరసల్లో నిలబడి ఉన్నాయి. ఉప్పెన తర్వాత చేలు కూడా ఇలాగే ఉన్నాయి కదా అనుకున్నాను. అనుకున్నా ఏమీ అనిపించలేదు. ప్రతి ఇంటి కిందా ద్రాక్షసారాయి పీపాల నేలమాళిగ. దాని తలుపు తీస్తే తరవాణి కుండ మూత తీసినట్టు పులుపు గుప్పుమనేది. ఎవరింటికి వెళ్లినా మా ఆయనకి గ్లాసు పోసేవాళ్లు. తాగనంటే చిన్నబుచ్చుకుంటారని ఆయన పొట్ట పట్టుకుని, బాగాలేదని సైగ చేసేవారు. నెల తిరిగేసరికి ఇండియా మేష్టారికి ఏదో మొండి జబ్బుందని ఊరంతా చెప్పుకున్నారు. మందుల షాపాయన ఆయనకి ఒక సీసా ఊరికే ఇచ్చాడు కూడా.

మేం అద్దెకున్నది ఒక ముసలావిడ ఇంట్లో, పై గదిలో. ఆవిడ పేరు నా నోరు తిరిగేది కాదు. మొదటిరోజే మామ్మగారూ అని పిలిచాను, ఆవిడ పలికింది, ఇక అదే ఖాయమైంది. ఆవిడ తన భాషలో మాట్లాడేది, నేను నా భాషలో ఊకొట్టేదాన్ని. చిక్కుళ్లు ఇద్దరం కలిసి వలిచేవాళ్లం. శుక్రవారం వస్తే ఏట్లో పట్టిన చేపలు వెన్నలో వేయించి మాక్కూడా ఒక పళ్లెం పెట్టేది. నేను ముట్టేదాన్ని కాదు. ఆ ఏడు మా వైపు చాలామంది చేప మానేశారు. దొరకనివాళ్లంతా ఆ నీళ్లలోనే ఉన్నారు కదా. మొదటి శుక్రవారం, మా ఆవిడకి పడదని మా ఆయన సర్దిచెప్పారు. తర్వాత ఒకసారి మీ మతంలో కూడదా అని ఆవిడ గుచ్చి అడిగేసరికి, వచ్చీరాని ఫ్రెంచిలో ఉన్నదంతా చెప్పేశారు. మామ్మగారు లేచింది. నా ముందున్న పళ్లెం తీసేసి, రెండు గుడ్లు ఉడికించి తెచ్చిపెట్టింది. మరి ఆ ఇంట్లో చేప వండలేదు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఆవిడ మా ఇద్దర్నీ చర్చి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడినుంచి ఏరూ, వంతెనా, కొత్తగా ఆకు తొడిగిన తోటలూ కిందుగా కనబడుతున్నాయి. ఒక సమాధి దగ్గర ఆగింది. నున్నటి పలకరాయి, మీద ఒక మగవాడి పేరు.

"మా తమ్ముడు" అంది. మా ఆయన ఒక్కో ముక్కా నాకు చెబుతున్నారు. "పడవ మీద పీపాలు తీసుకెళ్లేవాడు. ఏరు పొంగినప్పుడు పడవ తిరగబడింది. దొరకలేదు."

"మరి ఇందులో?" అన్నాను. చాలా నెలల తర్వాత నేను అడిగిన మొదటి ప్రశ్న అదేనని మా ఆయన తర్వాతెప్పుడో చెప్పారు.

"ఏమీ లేదు. వాడి ఆదివారపు చొక్కా ఉంది. అమ్మ చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. వీధి తలుపు గడియ వెయ్యనిచ్చేది కాదు, వాడొస్తే తలుపు వేసి ఉంటుందని. చలికి ఇల్లంతా గడ్డకట్టేది. వాడి పెళ్లాం ఆ చలిలోనే మంచాన పడింది. అప్పుడు నేనే ఈ రాయి పెట్టించాను."

"మీ అమ్మగారికి కోపం రాలేదా?"

"వచ్చింది. నాతో మాట్లాడ్డం మానేసింది. కానీ ప్రతి ఆదివారం ఇక్కడికి వచ్చేది. ఎక్కడికి వెళ్లాలో తెలిసింది కదా."

నేను ఆ రాయినే చూస్తూ నిలబడ్డాను. ఏదో కదులుతుందనుకున్నాను లోపల. ఏమీ కదల్లేదు. అయితే మా వరండాలో చెప్పులు విప్పకుండా నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. నా ఒక్క మాట కోసం ఆగి ఉన్నాడు. అతనికి ఉండడానికి ఇల్లు లేదు, ఏడవడానికి చోటు లేదు. తలుపు తీసిపెట్టింది నేను, చలికి వణుకుతున్నది అతను.

"మరిదికి టెలిగ్రాం ఇద్దాం" అన్నాను దిగివస్తూ.

"ఏమని?"

"కానివ్వమని."

మా ఆయన జేబురుమాలు తీశారు. ముక్కు తుడుచుకుని, పోస్టాఫీసు సోమవారం తెరుస్తారన్నారు. సోమవారం పొద్దున్నే వెళ్లాం. అక్కడి గుమాస్తాకి రేపల్లె అన్న మాట అక్షరం అక్షరం చెప్పి రాయించేసరికి వెనక పెద్ద వరస అయింది. తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాం. అతనికి అది ఏ భాషో అంతుపట్టక, "మంచి కబురేనా?" అని అడిగాడు. మా ఆయన నా వంక చూశారు. అవునని తలూపాను.

మా మరిది రేపల్లె దగ్గర కృష్ణ ఒడ్డున మనిషికి బదులు దర్భలతో బొమ్మ చేయించి, తెనాలి నుంచి నాన్న తెచ్చిన చెల్లెలి చీర ఒకటి కప్పి, జరగవలసింది జరిపించాడు. అక్కడ ఏడవని వాళ్లు లేరని మా అత్తగారు చెప్పింది. మేం తిరిగి వచ్చాక అతను బాపట్ల వచ్చాడు. ఈసారి చెప్పులు విప్పి లోపలికొచ్చి, భోజనం చేసి, మధ్యాహ్నం వరండాలో చాప మీద సాయంత్రందాకా నిద్రపోయాడు. తర్వాత కొంతకాలానికి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ అమ్మాయి నన్ను అక్కయ్యా అని పిలుస్తుంది. వాళ్ల పిల్లలకి నేను పెద్దమ్మని.

నేను మాత్రం అప్పుడూ ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. ఎందుకో నాకే తెలియదు. కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయని అందరూ చెప్పారు. సర్దుకోవడం సంగతి ఏమో గానీ, ఒకటి మాత్రం గమనించాను. కాలం నా ఒక్కదాని మీదుగానే వెళ్తోంది. చెల్లెలు నాకు మొదట చెల్లెలి వయసుది. కొన్నేళ్లకి కూతురి వయసుదైంది. ఇప్పుడు లెక్క చూసుకుంటే, నాకు మనవరాలి వయసుది.