పచ్చదారం అతుకు

"ఆ పచ్చ అతుకు కోసెయ్ యోరున్ అత్తా! పచ్చమచ్చ ఉన్న నీటికాకిని ఎక్కడైనా చూశావా?"

"ఇంత గోల చేసే కాకిని మాత్రం ఇప్పుడే చూస్తున్నా. కొయ్యనంటే కొయ్యను."

నార్వే ఉత్తర తీరంలో ఆ చిన్న రేవుకి సముద్రపు పండుగ జరిపించేవాడు సిండ్రె. సముద్రం అడుగు నుంచి లాగిన పాత వలలతో నీళ్లలో మునిగి చేపలు పట్టే నల్లని నీటికాకికి మనిషెత్తు బొమ్మ కడుతున్నది యోరున్. డెబ్బై దాటిన మనిషి. రోజూ సముద్రానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ముడి వేస్తుంది, దారం పళ్లతో తెంపుతుంది, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుని ఒక్కతే తాగుతుంది. మొగుడు పోయాక, పండుగకి బొమ్మ కావాల్సి వచ్చేదాకా, ఆమె ఊళ్లో ఉన్న సంగతే ఎవరికీ గుర్తులేదు.

సిండ్రె విసుగెత్తి తనే కత్తి తీశాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"ఆ అతుకు నేను వేసిందేరా. పదకొండేళ్ల కిందట తుఫానులో మా ఆయన కోసి వదిలేసిన వల ఇది. పోయిందని రేవు ఆఫీసులో చెప్పాలి, చెబితే వాళ్లు వెతికి తీసేస్తారు. ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మొన్న పైకి లాగితే దీన్నిండా చిక్కుకుని చచ్చిన నీటికాకుల ఎముకలే."

సిండ్రె కత్తి మడిచాడు. బొమ్మ కింద పలక మీద 'చేసింది యోరున్' అని రాయిస్తున్నానని మెల్లగా అన్నాడు.

"అది వద్దు నాయనా. 'వల యోరున్‌ది' అని రాయించు."