అప్ప గొంతు కోసం కొన్న ట్యాబు

ఇది జరిగిన నెలలోనే రాద్దామని కూర్చున్నాను. అప్పటికి నాకు గుణింతాలు వచ్చాయి గాని ఒత్తులు చేతికి రాలేదు. రాసిన ముక్క నేనే మళ్లీ చదువుకోలేకపోయేదాన్ని. యాభై ఆరో ఏట అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర అక్షరాలు మొదలుపెట్టినదాన్ని. మధ్యాహ్నం అన్నాలు తిని పిల్లలు పడుకున్నాక, ఆమె నా కోసం గంటసేపు పలక పట్టుకునేది. ఇప్పుడు పేజీ రాయగలను. మణికట్టు లాగుతుంది, కాసేపు ఆపి మళ్లీ రాస్తాను.

మాది అనంతగిరి దాటాక రోడ్డు వదిలి లోపలికి నడవాల్సిన ఊరు. కాఫీ తోటలు, చోడి చేలు, అంటే రాగి చేలు. అప్ప అంటే మా అక్క, నాకంటే ఆరేళ్లు పెద్ద. ఇద్దరం భర్తలు పోయినవాళ్లం. ఒకే ఇంట్లో ఉంటాం.

మా ఊళ్లో పాట ఒక్కరు పాడేది కాదు. ఒకరు అడుగుతారు, మిగిలినవాళ్లు బదులిస్తారు. కలుపు తీసేటప్పుడు, పెళ్లికూతుర్ని సాగనంపేటప్పుడు, కొత్త గింజ ఇంటికి తెచ్చేటప్పుడు, దేని పాట దానికుంది. అడిగేది మా అప్ప. బదులిచ్చేది నేను. బదులు చిన్నది. ‘నాలుగో గంప గాలిది’ అంటే, పాట పొడవునా అదే మాట. అప్ప అడిగేవి మాత్రం ఒక్కో పాటలో ఇరవై, ముప్పై ఉంటాయి. గంపలో ఏముందని ఒకసారి, ఎవరు మోశారని ఒకసారి, మోసినవాడి మెడ ఎందుకు వంగిందని ఇంకోసారి. నలభై ఏళ్లు పక్కన నిలబడి విన్నాను. కాని ఆమె పాడుతున్నంతసేపూ నేను ఊపిరి తీసుకునేదాన్ని, అడుగు చూసుకునేదాన్ని, చేతిలో కొడవలి సర్దుకునేదాన్ని. వరసగా ఒక్క పాటా నా నోట నిలవలేదు. అడగడం తెలిసిన ముసలమ్మలు ఊళ్లో ఇంకెవరూ లేరు.

అప్ప గొంతులో పుండు ఉందని విశాఖపట్నంలో చెప్పారు. మాట పుట్టే చోటంతా తీసేయాలన్నారు. డాక్టరమ్మ మెల్లగా, రెండుసార్లు చెప్పింది.

“ప్రాణానికి భయం లేదమ్మా. మాట మాత్రం ఇక రాదు.”

బయటికొచ్చాక అప్ప అడిగింది, “మాట రాదంటే, పాట కూడానా?” అని. ఆ ప్రశ్న డాక్టరమ్మని అడగాల్సింది. నన్నడిగింది.

ఇంటికొచ్చి పాటలు రాసుకుందామని నోటుబుక్కు తీశాను. పాడితే తప్ప అప్పకి పాటలో మాటలు గుర్తురావు. పాడితే నా చెయ్యి అందుకోలేదు. ఆమె ఐదో ప్రశ్నకి వెళ్లేసరికి నేను మొదటిదాంట్లో రెండో మాట దగ్గరుండేదాన్ని. నా బటన్ల ఫోనులో పడితే కుండలో మాట్లాడినట్టుంది. అప్పుడు టీచరమ్మ ట్యాబు కొనమంది. అందులో పాట పట్టుకోవచ్చు, గొంతు మీద గొంతు చేర్చుకోవచ్చు, ఆపరేషన్ అయ్యాక అప్ప మంచంలో బొమ్మలు చూసుకోవచ్చు. సిమ్ పట్టేదే తీసుకో, మన కొండల్లో వైఫై ఎక్కడుందని ఒక హెచ్చరిక కూడా చేసింది. కాని అప్ప ఒప్పుకోలేదు. యంత్రానికి పాట పెట్టనంది. వారం బతిమాలాను. తెల్లవారితే పట్నం వెళ్లి ఆసుపత్రిలో చేరాలనగా, ముందురోజు పొద్దున్నే “సరే, కొనుక్కొచ్చుకో, ఏడవకు” అంది.

అరకులో దుకాణం తలుపులు తీసేసరికి నేను మెట్ల మీద ఉన్నాను. బల్ల వెనకాయన నాలాగే తల నెరిసినవాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడట. నా సంగతి విని రెండు ట్యాబులు తీసి ముందు పెట్టాడు.

“ఇది పెద్దది. బొమ్మ సూడమ్మా, ఎలగుందో. సౌండు నాలుగు మూలల్నుంచీ వస్తాది. ఇది సిన్నది. బొమ్మ అంతంతే. కానైతే దీనికి నోటికాడ మైకు పెట్టుకోడానికి, చెవుల్లోకి తగిలించుకోడానికి సిల్లు ఉంది. పెద్దదానికి అది నేదు. మైకు తగిలించడానికి ఏరే ముక్క కావాల, నా దగ్గర అయిపోనాది.”

“పాట రెంట్లోనూ పడతాదా బాబూ?”

“పడతాది. కానీ ఏది ఎక్కువ సేత్తారు మీరు? సూడ్డమా, పాటలు సెయ్యడమా?”

అట్టల మీద ఏదైనా చదువుదామని రెండూ తిప్పి చూశాను. అన్నీ ఇంగ్లీషు. అంకెలు తప్ప ఏవీ నాకు తెలిసిన అక్షరాలు కావు. పెద్దదాంట్లో ఆయన సముద్రం పెట్టాడు. అల వచ్చి నా మోచేతుల మీద పడుతుందేమో అన్నట్టుంది. నేను లెక్క ఇలా వేసుకున్నాను: పాడటం ఈ ఒక్క పూట. చూడటం రేపటి నుంచి రోజూ, ఏళ్ల తరబడి. మాట లేని మనిషి మంచంలో కూర్చుని మసక బొమ్మ చూడాలా?

“సూడ్డమే ఎక్కువ బాబూ. పాట ఎప్పుడో ఒకసారి” అన్నాను.

“మరైతే పెద్దదే పట్టికెళ్లండి.”

ధర రెండింటికీ ఒకటే. ఆ వంక కూడా నాకు లేదు. పాట పట్టుకునే యాప్ ఆయనే వేసి, ఎర్ర చుక్క నొక్కితే మొదలు, మళ్లీ నొక్కితే ఆఖరు అని చూపించాడు.

ఇంటికొచ్చేసరికి అప్ప గుమ్మంలో కూర్చుని ఉంది. ట్యాబు చూసి నవ్వింది. ఆమె నవ్వుకి అప్పటికే చప్పుడు లేదు.

“ఏటే, పలకంత ఉంది! దీని మీద కూడా అచ్చరాలు దిద్దుతావేటి?”

సముద్రం పెట్టి చూపించాను. అద్దం మీద వేలు పెట్టి, తడి ఉందేమోనని వేలు చూసుకుంది. తరవాత నేను ఎర్ర చుక్క నొక్కి పక్కన కూర్చున్నాను.

“అడుగుతాను, బదులు సెప్పు.”

“నాను సెప్పనప్పా. నీ గొంతొక్కటే పడాల.”

“గోడనడిగినట్టు అడగమంటావా? నువ్వు సెప్పకపోతే తరవాతది నాకెలగ వస్తాది?”

మొండితనం అనుకున్నాను. కాదు. ఒక ప్రశ్న పాడి ఆగింది. నోరు తెరిచే ఉంది, కళ్లు నా మీదే ఉన్నాయి. రెండోది రాలేదు. మళ్లీ మొదటి నుంచి పాడింది, మళ్లీ అక్కడే ఆగింది. ఆమెకి చెమటలు పడుతున్నాయి. నాకు భయమేసి బదులిచ్చేశాను. అంతే, చెరువుకి గండి పడినట్టు వచ్చాయి. పొద్దు వాలే లోపల తొమ్మిది పాటలు. గొంతు ఊకలో చెయ్యి తిప్పినట్టుంది, అయినా ఒక్క ప్రశ్న తప్పలేదు. పాటకీ పాటకీ మధ్య వేడినీళ్లు గుక్కెడు తాగి, మెడ పట్టుకుని కూర్చునేది.

“మెల్లగా అరవే గుంటా, కోతులు కొండ దిగిపోతాయి” అని నన్ను ఎగతాళి చేసింది కూడా.

తొమ్మిదో పాట అయ్యాక వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. నేను పొయ్యి దగ్గర కూర్చుని మొదటి పాట పెట్టాను.

నా గొంతు వచ్చింది. ‘నాలుగో గంప గాలిది.’ కాసేపు గరగర. మళ్లీ నా గొంతు. ఆ గరగర ఏమిటో అర్థం కావడానికి నాకు రెండు పాటలు పట్టింది. అది మా అప్ప. నాలుగు మూలల్నుంచీ నేనే అరుస్తున్నాను, నా అరుపుల మధ్య ఆమె మూలుగులాగా ఉంది. సౌండు పెంచితే నేను పెరిగాను. చెవి ఆనించి వింటే ప్రశ్న మొదటి మాట తెలుస్తుంది, తోక నా బదులు కింద పడి నలిగిపోయింది. తొమ్మిదీ అంతే.

సిగ్నలు రోడ్డు మలుపులో తప్ప రాదు. అక్కడిదాకా పరుగెత్తి దుకాణం ఆయనకి ఫోన్ చేశాను.

“మైకు సిల్లు మీవైపు ఉండిపోనాదేమో అమ్మా. పైన, కెమెరా పక్కన సన్నగా ఉంటాది.”

“నా గొంతు తీసీయ్ బాబూ. అదొక్కటీ తీసీయ్.”

“రెండు గొంతులూ ఒకే వరసలో పడిపోనాయి. ఇడదీడం నాకు తెల్దమ్మా. సిన్నదైతే...” అని, ఆ మాట మింగేశాడు. “రేపు రండి, మార్చీసి ఇస్తాను” అన్నాడు.

రేపు ఆరున్నరకి జీపు. ఆయన దుకాణం తీసేది పదికి. అక్కడే రాళ్ల మీద కూర్చుండిపోయాను. చదువురాని రోజుల్లో తప్పు చేస్తే, చదువు లేదు కదా అని సరిపెట్టుకునేదాన్ని. ఈసారి ఆయన రెండూ విడమరచి చెప్పాడు. నేను విన్నాను, ఆలోచించాను, ఆలోచించే తప్పుది ఎంచుకున్నాను. అప్ప ఉన్న కాస్త గొంతూ ఖర్చుపెట్టేసింది. దాని మీద నా గొంతు పోశాను.

మర్నాడు తెల్లారగానే అప్పని లేపి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను.

“సిన్నప్పట్నుంచీ అంతే నువ్వు. నా మాట మీద నీ మాట” అంది. మాట గాలిలాగా వస్తోంది. “మల్లీ పాడాలా?”

“పాడగలవా?”

“నువ్వు బదులు సెప్తే.”

గుమ్మం ముందు గోడకి ఆనుకునేలా ఆమెని కూర్చోబెట్టాను. కెమెరా పక్క సన్నటి చిల్లు వెతికి, అది నోటి దగ్గరకి వచ్చేలా ట్యాబు ఆమె మోకాళ్ల మీద నిలబెట్టాను. ఎర్రంచు తువ్వాలు చేతికిచ్చాను. అడుగుతున్నంతసేపూ పైకెత్తి ఉంచు, అడగడం అవగానే దించు అన్నాను. చుక్క నొక్కి ఇంటి ముందు పారే గెడ్డలో దిగాను. నా గొంతు ట్యాబులో సన్నగా పడాలని, మోకాలి లోతు చల్లటి నీళ్లు దాటి, అవతలి కాఫీ తోటలోకి, తువ్వాలు కనబడుతూ అప్ప గొంతు వినబడనంత దూరం ఎక్కాను.

తువ్వాలు లేచింది. దిగింది. బదులిచ్చాను. మళ్లీ లేచింది. ఆమె ఏమడుగుతోందో నాకు ఒక్క మాట వినబడలేదు. గంప గురించా, మెడ గురించా, తెలియదు. దిగినప్పుడల్లా ‘నాలుగో గంప గాలిది’ అని అరిచాను. ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య తువ్వాలు గాల్లో తిప్పేది, అప్పుడు బదులు మార్చుకునేదాన్ని. ఏ పాటో తెలియక ఒకసారి తప్పు బదులు పాడాను. తువ్వాలు అడ్డంగా ఊపింది. ఇంకోటి పాడాను. దిగింది.

మూడో పాటలో జీపు మలుపు దగ్గర హారన్ కొట్టింది. అప్ప ఆపలేదు. డ్రైవరు మళ్లీ కొట్టాడు. తువ్వాలు మునుపటి ఎత్తుకి లేవడం లేదు, భుజం దాకా వచ్చి పడిపోతోంది. పడినప్పుడల్లా బదులిచ్చాను. నాలుగో పాట సగంలో ఇక లేవలేదు. కాసేపు చూశాను. అయినా ఒకసారి బదులు పాడాను. లేవలేదు.

గెడ్డలో పడుతూ లేస్తూ ఇవతలికొచ్చాను. ఎర్ర చుక్క అప్పే నొక్కేసింది. ట్యాబుని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మెడ మీద చెయ్యి వేసుకుని, చాలన్నట్టు తల ఊపింది. ఆమెని లేపి నిలబెట్టి, సంచి భుజాన వేసుకుని, తడి చీరతోనే జీపు దాకా నడిపించాను.