అన్నీ ఒక్కసారే చెప్పమన్న ట్రెజరీ సారు

ఈ రోజు ఆగస్టు పన్నెండు, మంగళవారం. మా వీధి ట్రెజరీ సారు చనిపోయి నెల దాటింది. ఆ పొద్దున క్లాసుకని వెళ్లిన మా మనవరాలు వెంటనే తిరిగి వచ్చి, చెప్పులు విడవకుండానే గడపలో నిలబడి, "అవ్వా, సారు లేడిగ" అన్నది. ఆయన గురించి అప్పుడే రాయవలసింది. రాయలేదు. నిన్న ఆయన భార్యకు తోడుగా ఒక ఆఫీసుకు వెళ్లి వచ్చాను. ఇక రాయకుండా ఉండలేను.

సారు ట్రెజరీలో లెక్కల ఉద్యోగం చేసి రిటైరయ్యారు. నల్లగొండలో మా వరుసలోనే చివరి ఇల్లు. ప్రభుత్వ అకౌంట్స్ ఉద్యోగాలకు పరీక్షలు రాసే పిల్లలకు తన ముందు గదిలో పాఠం చెప్పేవారు. క్యాలిక్యులేటరు గడప దాటనిచ్చేవారు కాదు. ఆలస్యంగా వచ్చినవారిని చెప్పుల పక్కన కూర్చోబెట్టేవారు. ఒకరోజు అక్కడ మా మనవరాలు కూడా కనిపించింది. మా పిల్లనూ వదలనందుకు నాకు సంతోషం కలిగింది.

పాఠం అయ్యాక ఆయన ఒక ఆట ఆడించేవారు. ఒకరిని గుమాస్తాగా కుర్చీలో కూర్చోబెట్టి, తను తలకు తువ్వాల చుట్టుకుని, అర్జీ పట్టుకుని లోపలికి వచ్చేవారు.

"సారూ, గొర్లను పక్కోనికి అప్పజెప్పి కేతేపల్లి నుంచి వచ్చిన. జర చూడుండ్రి."

"తాతా, దీంట్ల తేదీ లేదు" అన్నాడు ఆ రోజు కుర్చీలో ఉన్న అబ్బాయి.

"ఇంకేం లేదు?" అని అడిగారు సారు.

"ముందుగాల గిది రాసుకరా. తర్వాత చూద్దాం."

సారు తువ్వాల తీసి బల్ల మీద కొట్టారు. "తర్వాత ఏందిరా? మళ్లొచ్చిననాడు నా గొర్లను నువ్వు కాస్తవా?"

పిల్లలంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. "తక్కువున్నయన్నీ ఒక్కసారే చెప్పాలె. రెండోసారి తిప్పినవంటే తప్పు కాగితంల లేదు, నీల ఉన్నది."

నేనొకసారి అడిగాను, "ఇవన్నీ పరీక్షల అడగరు గద సారూ?" అని.

"పరీక్ష ఒక్కనాటిదమ్మా. కుర్సీ ఉద్యోగమున్నన్ని దినాలు" అన్నారు.

అందరికంటే ముందు ఉద్యోగం వచ్చింది ఆ రోజు కుర్చీలో కూర్చున్న ఆ అబ్బాయికే. అతను జిలేబీ తెచ్చిన రోజు, షుగరున్నా సారు, భార్య చూస్తుండగానే రెండు తిన్నారు. "గియ్యాల నన్నేమనకు, నా పిలగాడు కుర్సీ ఎక్కిండు" అన్నారు.

సారు భార్యకు రావలసిన ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఇప్పుడు ఆ అబ్బాయి బల్ల మీదే ఉన్నాయి.

నిన్న మమ్మల్ని చూడగానే అతను లేచి ఆమె కాళ్లకు మొక్కాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చాయ్ తెప్పించాడు. అంతా అయ్యాక, "అమ్మా, ఇంకొక కాగితం తక్కువున్నది" అన్నాడు.

"పోయినసారి గిది చెప్పకపోతివి బిడ్డా?" అన్నది ఆమె.

"అప్పుడు ఫైలు గంత దూరం పోలేదమ్మా."

మాతో వచ్చిన మనవరాలు ఊరుకోలేదు. "అన్నా, అన్నీ ఒక్కసారే చెప్పాలె గదనే. సారు నేర్పింది గదే గద?"

అతను గొంతు తగ్గించాడు. "కుర్సీల కూసుంటే తెలుస్తది చెల్లె. అన్నీ నేనే రాసిచ్చినంక ఒక్కటి మరిచినా పైనోళ్లు నన్నే పట్టుకుంటరు. ఒక్కొక్కటి అడిగితే ఏ ఫికర్ లేదు."

అతను చెడ్డవాడు కాడు, భయస్థుడు. సారు భార్యే అతన్ని ఓదార్చింది. "పోనియ్ బిడ్డా, మళ్లొస్త." ఆ మాట నాకు మింగుడు పడలేదు.

ఆటోలో వస్తుంటే వాన పట్టుకుంది. మనవరాలు నా వైపు తిరిగింది. "అవ్వా, నేను పరీక్ష రాయ. సారు దగ్గర నాకంటే మంచిగ నేర్చుకున్నోడే గిట్లయిండు. నేను గూడ గిట్లనే అయిత."

ఇది నేను గద్దిస్తే పోయే భయం కాదు. ఆమె మాట తప్పని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. సారు ఉంటే ఏమనేవారో రాత్రంతా ఆలోచించాను. తెలియలేదు. తెలిసినంతవరకు, ఇక జరగవలసినవి ఇవి:

1. ఏమేం కాగితాలు కావాలో ఆ అబ్బాయి ఒకే చీటీ మీద రాసి, ఈ వారంలోనే సారు భార్యకు ఇంటికి తెచ్చి ఇవ్వాలి. ఒకటి మరిచిపోయినా నేనేమీ అనను. రాయకపోతే మాత్రం అతని పై అధికారి ముందు వెళ్లి కూర్చుంటాను.

2. సారు భార్య ఆ ఆఫీసు మెట్లు ఇక ఒంటరిగా ఎక్కకూడదు.

3. ఆదివారం నుంచి క్లాసు మా ముందు గదిలో జరగాలి. సారు దగ్గర చదివి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు వంతులవారీగా వచ్చి చెప్పాలి. ఆ అబ్బాయి కూడా రావాలి, కుర్చీలో కూర్చోవడానికి కాదు, అర్జీ పట్టుకుని నిలబడడానికి.

4. పరీక్ష రాయాలా వద్దా అన్నది మనవరాలే తేల్చుకోవాలి. నేను అడగకూడదు. నిన్న వానకు సారు భార్య కాగితాలన్నీ తడిశాయి. పొద్దున్నే మనవరాలు వాటిని మా ఇంట్లో ఫ్యాను కింద వరుసగా పరిచి, ఎగిరిపోకుండా వంటింట్లోని గ్లాసులన్నీ తెచ్చి ఒక్కొక్కదాని మీద బోర్లించింది. నాకు చాయ్ తాగడానికి గ్లాసు లేదు. అయినా ఒక్కటీ తీయలేదు.