ముగ్గు తిన్న కోళ్ళు

మా తోడికోడలు వాకిట్లో ముగ్గు వేసి, లోపలికి పోయి కాఫీ కలుపుకుని వచ్చేలోగా మా కోళ్ళు ఆ ముగ్గును తినేశాయి. చెరపడం కాదు, తినడమే. గీత వెంబడి టకటకా పొడుచుకుంటూ పోయి, పద్మంలో రెండు రేకులు లేకుండా చేశాయి.

ఆమె గురించి మంచిగా రాద్దామని నేను కూర్చోలేదు. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, సాయంత్రంపూట భక్తి పుస్తకాలు పైకి చదివించేవాడు. ఆయన నేర్పిన అలవాటు ఒకటి ఇంకా పోలేదు. పొద్దున దీపం పెట్టాక, ఉన్నవాటన్నిటికీ పేరుపేరునా దేవుడికి దండం చెప్పుకుంటాను. కొళాయిలో నీళ్ళు వచ్చినందుకు, పీణ్య ఫ్యాక్టరీల్లో లేత్ మిషను మీద ఇనుము చెక్కే మా ఆయన వేళ్ళన్నీ ఉండి ఇల్లు చేరినందుకు, కోళ్ళు గుడ్లు పెట్టినందుకు. తోడికోడలి కోసం కూడా చెప్పుకోవాలని కొన్నేళ్ళు ప్రయత్నం చేశాను. నోరు రాలేదు. దేవుడి ముందు అబద్ధం ఎందుకని మానేశాను.

ఇల్లు ఒకటే. ముందు భాగం బావవాళ్ళది, వెనక భాగం మాది. పైన మిద్దె మీద బావ గదులు వేసి, ఉద్యోగాలు చేసుకునే పిల్లలకు పీజీ అని అద్దెకు ఇచ్చాడు. వెనక పెరడు మాత్రం ఇద్దరికీ సగం సగం. పెరటి నుంచి వాకిలికి పక్కన ఒక సందు, ఆ సందుకు ఒక ఇనుప గేటు. నా కోళ్ళు పెరట్లో తిరిగేవి. రాగులు, నూకలు, తడిపిన తవుడు వేసేదాన్ని. మిగతాది మట్టిలో అవే వెతుక్కునేవి.

మేము చింతామణిలో పెళ్ళికి పోయి వచ్చేసరికి పెరడంతా సిమెంటు. అంచు నుంచి అంచు దాకా, అద్దంలాగా నున్నగా. బావను అడిగితే, "పీజీ పిల్లోళ్ళు బండ్లు పెట్టుకోవాల కదమ్మా. వానొస్తే అంతా బురద" అన్నాడు. మా సగం గురించి మమ్మల్ని అడగాలని ఆయనకు తోచలేదు. మా తోడికోడలు కొత్త సిమెంటు మీద చెప్పులు లేకుండా అటూ ఇటూ నడిచి, "ఇప్పుడు మనుషులుండే ఇల్లులాగ ఉండాది" అన్నది.

మట్టి ఉన్నన్నాళ్ళు కోడికి రాళ్ళు కావాలని ఎవరికీ గుర్తు ఉండదు. నేను మేత ఎప్పటిలాగే వేస్తూ వచ్చాను. కొన్నాళ్ళకు గుడ్డు చేతిలోకి తీసుకుంటే వేలు లోపలికి దిగబడింది. పెంకు లేదు, తడి కాగితంలాంటి పొర. అది జరిగిన కొద్ది రోజులకే ఈ ముగ్గు సంగతి. ముగ్గుపిండి ఏముంది, తెల్ల సున్నపు రాయి దంచిందే. పెంకుకు కావలసింది దొరక్క అవి దాని మీద పడ్డాయి. అది నాకు తర్వాత తెలిసింది. ఆ పొద్దున తెలిసింది మాత్రం తిట్లే.

"లక్ష్మి వచ్చే వాకిలి అమ్మీ ఇది. నీ కోళ్ళకు టిఫిన్ పెట్టే అంగడి కాదు."

"ఇంకోసారి రానియ్యను అక్కా."

"మేత వేస్తాండావా లేదా? ఆకలికి ముగ్గు తినే కోళ్ళను నేను నా జన్మలో చూళ్ళేదు. సాకలేనిదానివి ఎందుకు పెట్టుకోవాల?"

అదే నాకు కాలింది. కడుపు మాడ్చి పెట్టానన్న మాట. పీజీ పిల్లలు మెట్ల మీద నిలబడి వింటున్నారు. బావ పేపరు దించి తీర్పు చెప్పాడు. "ఇంకొక్కసారి ముగ్గు తింటే కోళ్ళు ఈ ఇంట్లో ఉండవు. చికెన్ అంగడోన్ని నేనే పిలుస్తా." మా ఆయన అన్న ముందు నోరెత్తే మనిషి కాదు. బూట్ల కేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి కోళ్ళను గంప కింద మూశాను. ఎర్రకోడి మేత తింటూనే చిక్కిపోసాగింది. రొమ్ము ఎముక చేతికి కత్తిలాగ తగిలేది. రెట్టలో రాగులు రాగులుగానే బయటికి వచ్చేవి. రెక్కలు వేలాడేసి మూలన నిలబడ్డ పొద్దున మా ఆయన, "చచ్చేదాకా చూడొద్దు, కోసేద్దాం" అన్నాడు. కోశాడు. శుభ్రం చేసింది నేనే.

కందనకాయ కోసి తిప్పితే లోపల ఎప్పుడూ చిన్న చిన్న రాళ్ళు ఉంటాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. వాటితోనే కదా కోడి గింజను నూరుకునేది. ఎర్రకోడి కందనకాయలో ఒక్క రాయి లేదు. ఒక రవిక హుక్కు, పచ్చగాజు ముక్క ఒకటి, మా ఆయన బూటు అడుగున అతుక్కుని వచ్చే లేత్ ఇనుప చుట్ట ఒకటి. గాజు మా తోడికోడలిది. ఇనుము మాది. పాపం, రాయి కోసం వెతికి వెతికి రెండిళ్ళ చెత్తనూ మింగింది. దాన్ని వండలేదు. సందు చివర వేపచెట్టు కింద పాతిపెట్టి వచ్చి, చేతులు కడుక్కుని, దేవుడి ముందు కూర్చున్నాను. ఆ రోజు నాకు దండాలేమీ గుర్తుకు రాలేదు. సిమెంటు పోయించిన చెయ్యి గుర్తుకు వచ్చింది.

వీధి మలుపులో ఎవరిదో ఇల్లు లేస్తోంది. మేస్త్రీని అడిగి, కుప్పలో నుంచి రాతి ఇసుక జల్లెడ పట్టుకున్నాను. దుమ్ము పోయేలా కడిగి, రాగి గింజ నుంచి పెసరగింజ దాకా ఉన్న ముక్కలు ఉంచుకున్నాను. రాయి గింజను నూరడానికి సరిపోతుంది గాని పెంకుకు పనికిరాదు. దానికి గుడ్డు పెంకులే మందు. అంగడి గుడ్ల పెంకులు కొన్ని పెనం మీద వేయించి రోట్లో వేశాను. రోలు మా అత్తది, పెరట్లో ఇద్దరికీ ఒకటే.

రెండు పోట్లు వేశానో లేదో కిటికీ తెరుచుకుంది.

"ఏం దంచుతాండావు?"

"పెంకులు."

"గుడ్డు పెంకులా? రోట్లోనా? రేపు నేను అందులో చట్నీ నూరుకోవాల కదా."

"కడిగిస్తాను అక్కా."

"కడిగితే పోతాదా వాసన? అయినా దేనికి?"

"కోళ్ళకు."

ఆమె కిటికీలో నుంచి మెడ చాపింది. "దాని పిండాన్ని దానికే పెడతాండావా? ఇంతకంటే ఆ అంగడోనికి ఇచ్చేది మేలు గదా. పూజలు మాత్రం బాగా చేస్తావు."

పోటు మీద పోటు వేశాను. ఆమె ముఖం ఎదురుగా పెట్టుకుని దంచితే పెంకులు మెత్తగా అయిపోతాయని కూడా ఆ రోజే తెలిసింది. అంత మెత్తన అక్కర్లేదు, పలుకుగా ఉండాలి. మళ్ళీ కొన్ని వేయించుకున్నాను.

రాళ్ళు ఒక కొబ్బరి చిప్పలో, పెంకు పలుకులు ఇంకొక చిప్పలో, గంప పక్కన పెట్టాను. మేతలో కలపలేదు. ఎంత కావాలో కోడికే తెలుసు. మొదటి రోజు పెంకుల చిప్పను ఖాళీ చేసి బోర్లించేశాయి. రోజులు గడిచేకొద్దీ చిప్పలో మిగలడం మొదలైంది. గుడ్డు కొడితే టక్కుమని పగలసాగింది. అప్పుడు గంప ఎత్తి వదిలాను, సందు గేటుకు గొళ్ళెం వేసి. ఆ గొళ్ళెం బిగుతుగా ఉంటుంది, గాలికి ఊడేది కాదు.

శుక్రవారం పొద్దున దీపం పెడుతుంటే వాకిట్లో నుంచి, "ఏమండీ, బయటికి రాండి ఒకసారి" అని మా తోడికోడలి గొంతు వినబడింది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే భయం వేసింది. పరిగెత్తి చూస్తే గేటు బార్లా తెరిచి ఉంది. నా కోళ్ళు వాకిట్లో ఉన్నాయి. వాకిలి నిండా, మామూలు కంటే పెద్దది, చుక్కల ముగ్గు. ఆమె మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బావ పంచె ఎగగట్టుకుంటూ వచ్చాడు.

నేను కోళ్ళను తోలబోతే, "ఉండు, ఉండు, ఏం చేస్తాయో చూడనీ" అన్నది.

కోళ్ళు ముగ్గు మీదికి నడిచాయి. తెల్లపుంజు ఒక చుక్క మీద కాలు పెట్టి, మెడ తిప్పి, సాగిపోయింది. నల్లపెట్ట ఆగింది. తల వంచింది. పొడిచింది.

"చూడండి, తినింది."

బావ వంగి చూశాడు. కళ్ళజోడు లేదు, ఇంకా వంగాడు. "చీమను తినిందే. చుక్క ఉండాది గదా."

"తొక్కినాయి మరి."

"తొక్కితే నేనూ తొక్కుతాండా దినామూ. నన్నూ పంపిస్తావా అంగడికి?"

మెట్ల మీద పీజీ పిల్లలు నవ్వారు. ఆ నవ్వు ఆమెకు నేనే కొనిపెట్టినట్టు నా వైపు చూసింది.

"గేటు ఎవరు తీసినారు అక్కా?" అన్నాను. అందరి ముందూ అడిగాను.

"నాకేం తెలుసు? ఇట్లాంటి మనుషులతో ఒక పెరట్లో నేనుండలేను. మధ్యలో గోడ కట్టించండి. కోళ్ళు ఆ పక్కే చావనీ, బతకనీ."

గోడ అయితే కోళ్ళు ఉంటాయన్న మాట. అది ఆమెకు తట్టలేదు. బావకు తట్టింది, అయినా కట్టిస్తానన్నాడు. ఇంట్లో గలాటా ఆగితే చాలు ఆయనకు.

గోడ లేచే రోజుల్లో మేస్త్రీ ఇసుక కుప్ప మా వైపే పోశాడు. కోళ్ళు దాని మీదికెక్కి కావలసిన ముక్కలు ఏరుకుంటుంటే, "అది మా ఇసుక" అని అటు వైపు నుంచి వినబడింది. "సగం మాది" అన్నాను. పొద్దున దండాల్లో గోడను కూడా చేర్చుకున్నాను, ఇటుకలతో సహా. ఆమెను మాత్రం చేర్చుకోలేదు.

నడుము ఎత్తు లేచాక మేస్త్రీ తాపీ ఆపి, "అమ్మా, మధ్యలో చిన్న తలుపు వదలాల్నా? రాకపోకలకు" అని అడిగాడు.

"వద్దు" అన్నాను. అదే క్షణంలో అటువైపు నుంచి కూడా "వద్దు" అని వినబడింది.

మేస్త్రీ ఇటుక పెట్టాడు.